నొస్తే ఆపుమన్నదా

పోయినవాటిని ముందు వరుసగా చెప్తాను. ఒక ఆడమనిషి కుడిచేతి చివరి రెండు వేళ్లు. ఆ వేళ్ల మీద ఆధారపడిన పనులు మూడు. ఆ చేతికి పట్టుబడిన పాటలు ఎనిమిది. ఆమెకు దక్కవలసిన గది ఒకటి, లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపుతో సహా. ఆమెను కన్నబిడ్డలా చూసుకున్న ముసలి టీచరమ్మ ఒకరు. ఇక ఎవరి మాటా పడకుండా ఆమె బతకగలిగి ఉండే ఏళ్లు. అవి ఇంకా పోతూనే ఉన్నాయి కాబట్టి వాటికి అంకె వేయలేను. నాకు పోయినవాటిని ఈ లెక్కలో కలపను. వాటిని పోగొట్టుకున్నది నేనే.

ఇరవై ఆరేళ్లుగా ఈ బరువు నాతో ఉంది. కుదువబెట్టి మరిచిపోయే వస్తువు కాదిది. భోజనానికి కూర్చుంటే కుడిచేతి చివరి రెండు వేళ్లు ముందు కనిపిస్తాయి. నావే. అవి చక్కగా వంగుతాయి, చక్కగా చాచుకుంటాయి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పగలిగిన మాటైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

మాది పోచంపల్లికి అవతల ఒక ఊరు. నేత ఇల్లు. నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచి, కట్టు విప్పి నేస్తే పువ్వు తేలే పని మాది. ఆ కట్టడాన్ని చిటికి కట్టడం అంటాం. ఏ పోగు దగ్గర కడితే ఏ గడిలో పువ్వు పడుతుందో ముందే లెక్క కట్టాలి. బడి మొహం చూడకుండానే నాకు ఆ లెక్క వచ్చింది. సాహుకారు గుమాస్తా పక్కన కూర్చొని అక్షరాలు కూడా నేర్చుకున్నాను. మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కణ్ణే. ఈ సంగతి గుర్తుంచుకోండి. జరిగినదంతా దాని మీదే నిలబడింది.

యాదమ్మక్క మా పెద్దబాపు బిడ్డ. నాకన్నా రెండేళ్లు పెద్దది. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు. కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. అప్పటినుంచి పుట్టింట్లోనే ఉంది. చిటికి కట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వాడలో లేరు. ఆసు కూడా ఆమే పోసేది. ఆసు అంటే అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ పోగును ఒక్కొక్కటిగా తిప్పడం. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ పోయి రావాలి. కొత్తగా మొదలుపెట్టిన ఆడపిల్లలు భుజం పట్టేసి రాత్రిళ్లు ఏడుస్తారు. పెద్దవాళ్లు ఆపనివ్వరు. నొప్పి వచ్చిందంటే పని ఒంట్లోకి పోతోందని నమ్మకం. కొన్ని నెలలకు నిజంగానే నొప్పి తగ్గుతుంది, చేయి బండబారుతుంది. మా ఆడవాళ్లందరి చేతులూ అలా తయారైనవే.

భువనగిరిలో గుట్ట కింద ఒక మిషన్ బడి ఉండేది. ఆ బడికి తువాళ్లు, తెరగుడ్డలు మేము నేసి ఇచ్చేవాళ్లం. అక్కడొక పియానో ఉంది. బదిలీ అయిన అధికారి ఎవరో దాన్ని బండికెక్కించలేక వదిలేసి పోయాడట. సికింద్రాబాదు నుంచి వచ్చిన ముసలి టీచరమ్మ పొద్దున్నే పిల్లల ప్రార్థనకు దాన్ని వాయించేది. ఒకరోజు గుడ్డల మూట దించి, నేనూ యాదమ్మక్కా వరండాలో కూర్చున్నాం. లోపల టీచరమ్మ వాయిస్తోంది. అక్క వేళ్లు మూట మీద కదులుతున్నాయి. పాట ఆగాక కూడా కదులుతున్నాయి. టీచరమ్మ కిటికీలో నుంచి అది చూసింది.

అలా మొదలైంది. గుడ్డలు ఇవ్వడానికి పోయినప్పుడల్లా అక్కకు పాఠం. ఆడపిల్లను ఒంటరిగా పంపరు కాబట్టి నేను తోడు. తోడుగా ఊరికే కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకు టీచరమ్మ నన్నూ పియానో ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.

ఆమె నేర్పే పద్ధతి ఇప్పటికీ నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. పాట మొత్తం ఒక్కసారి పట్టుకోనిచ్చేది కాదు. చిన్న ముక్క. కుడిచేయి ఒక్కటే, తర్వాత ఎడమచేయి ఒక్కటే, రెండూ కుదిరాకే జత. చాలాసార్లు పాట చివరి ముక్కతోనే మొదలుపెట్టించేది, ముందుకు పోయేకొద్దీ తెలిసిన చోటికే చేరతాం కాబట్టి భయం ఉండదని. తప్పు పడితే మళ్లీ మొదటికి పోనిచ్చేది కాదు. ఏ వేలి దగ్గర పడిందో చూసి ఆ రెండు మీటలే చేయించేది. చేతికి తప్పొప్పులు తెలియవు, ఏది ఎక్కువసార్లు చేస్తే అదే గుర్తు పెట్టుకుంటుంది అనేది. అరచేతిలో దూది ఉండ పట్టుకున్నట్టు వేళ్లు గుండ్రంగా ఉండాలి. బొటనవేలు మిగతా వేళ్ల కిందుగా జారాలి. మీటను నొక్కకూడదు, చేయి బరువును దాని మీద పడనివ్వాలి.

ఆ బరువు సంగతి పరీక్షించడానికి మా చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని పైకి లేపి వదిలేసేది. యాదమ్మక్క చేయి తడిగుడ్డలా ఒళ్లో పడేది. నాది గాల్లోనే నిలబడిపోయేది. టీచరమ్మ నవ్వి, "నీ చెయ్యి ఎవర్నీ నమ్మదురా నాయనా" అంది. అది హాస్యానికే అన్నదని తెలుసు. అయినా గుచ్చుకుంది.

నాకు పాట చెవికి ఎక్కదు. అంకెగానే ఎక్కుతుంది. వేళ్లకు ఒకటి నుంచి ఐదు వరకు అంకెలుంటాయి, బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. ఆ అంకెల దారినే నేను పాటలోకి పోయాను. ఒక పాటలో కుడిచేయి మూడు కొట్టే లోపల ఎడమచేయి రెండే కొట్టాలి. నేను ఇంటికి పోయి బొగ్గుతో ఆరు గళ్లు గీసి, కుడిచేయి ఒకటి, మూడు, ఐదు గళ్లలో, ఎడమచేయి ఒకటి, నాలుగు గళ్లలో పడాలని కనుక్కున్నాను. మూడు రోజులు పట్టింది. నాకు నేనే కనుక్కున్నానని ఎంత పొంగిపోయానో. మరుసటిసారి టీచరమ్మ ముందు వాయించాను. బాగుందంది. తర్వాత అక్క కూర్చొని, గళ్లూ లేవు, లెక్కా లేదు, ఊయలూగినట్టు వాయించేసింది. టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ తుడుచుకోవడాన్ని నేను క్షమించలేదు. ఇప్పుడైనా క్షమించానా? తెలియదు. ముసలామె అద్దాలు తుడుచుకోవడం కూడా ఒక మనిషి మీద పగకు కారణం కాగలదని మీరు నమ్మకపోవచ్చు. నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఊళ్లో పియానో ఎక్కడిది? సాధనకు పలక చేశాను. విరిగిన మగ్గం టేకు చెక్క ఒకటి తీసుకొని నున్నగా గీకాను. టీచరమ్మ అనుమతితో ఒక దారాన్ని పియానో మీద పరిచి, ఒక్కో మీటకూ ముడి వేసుకొని వచ్చాను. ఆ ముళ్ల ప్రకారం చెక్క మీద మీటలు గీసి, నల్లవాటిని మసితో, నూనెతో దిద్దాను. వెంట్రుకవాసి తేడా లేదు. యాదమ్మక్క దాని మీద చేతులు పెట్టి చూసుకొని, "తమ్మీ, నీ లెక్క లేకపోతే నాకీ చదువు యాడిది" అంది. పనులన్నీ అయ్యాక దీపం పక్కన ఆ చెక్క మీద వాయించేది. పాట పలకదు. పెద్దబాపు హుక్కా పీలుస్తూ ఎగతాళి చేసేవాడు.

"చెక్క గోకితే పాటెట్ల వస్తదే? జర నాకు గూడ వినిపియ్యి."

"చెవులు కడుక్కోని రా బాపూ. అప్పుడు వినిపిస్తది."

"ఆ. గీ వయసుల చెవులు కడిగితే ఊడి చేతికొస్తయి."

నవ్వు వినిపించిన ఇల్లు అది. అదీ పోయినవాటిలో రాయవలసింది. రాయలేదు.

తర్వాత రోజులు చెడిపోయాయి. పగలు సర్కారు బలగాలు వచ్చి ఇళ్లు సోదా చేసేవి. రాత్రిళ్లు సర్కారు మీద తిరగబడిన సంఘంవాళ్లు వచ్చి బువ్వ అడిగేవాళ్లు. ఎవరికి పెట్టినా మరొకరితో చావే. నూలు దొరకదు. సగం మగ్గాలు ఆగిపోయాయి. ఆడపిల్లలను గడప దాటనివ్వలేదు. యాదమ్మక్క భువనగిరి పోవడం ఆగిపోయింది. సాహుకారు ఇచ్చిన చిట్టీ ఒకటి ఉండేది నా దగ్గర, గుడ్డలు తెచ్చే మనిషి అని. దాన్ని చూపిస్తూ నేనొక్కణ్ణే పోయి వచ్చేవాణ్ణి.

అప్పుడే టీచరమ్మ ఒక మాట చెప్పింది. తనకు చేతకావడం లేదట, సికింద్రాబాదులో తమ్ముడి ఇంటికి పోతుందట. తన జాగాలో పియానో వాయించి పిల్లలకు నేర్పే మనిషి బడికి కావాలి. జీతం, బడి వెనక గది. బడి పెద్ద ఒప్పుకున్నాడు, దారులు బాగుపడగానే ఇద్దరినీ వాయించమంటాడు, ఎవరు బాగా వాయిస్తే వాళ్లకు. ఇద్దరు అంటే అక్కా, నేనూ. టీచరమ్మ కళ్లు ఎవరి గురించి చెబుతున్నాయో నాకు అర్థమైంది.

అక్కకు ఈ కబురు చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, గది తలుపుకు లోపల గడియ ఉందా అని. వదినలున్న ఇంట్లో, నడిమి అర్రలో, పదిమంది కాళ్ల మధ్య పడుకునే మనిషి అడిగిన మాట అది. ఉందని చెప్పాను. నేను కూడా చూశాను కదా ఆ గడియను. నాకూ కావాలి ఆ గది. మగ్గం గుంటలోనుంచి బయటపడే దారి ఇంకొకటి నాకు లేదు.

ప్రతిసారీ టీచరమ్మ కొత్త పాఠం నాతో పంపేది. అక్కకు చదువు రాదు కాబట్టి ఉత్తరం రాసి లాభం లేదు. పాట గుర్తులున్న కాగితం ఇచ్చి, చేయవలసిన తీరు నోటితో చెప్పేది. ఆ గుర్తులు చదవడం నాకు ఆమే నేర్పింది కాబట్టి, నేను కాగితం చూసి అక్కకు వేళ్ల అంకెలు చెప్పేవాణ్ణి. ఒకసారి దారిలో సిపాయిలు ఆపారు. కాగితం మీద చుక్కలు, తోకలు చూసి సంఘంవాళ్ల రహస్య రాత అనుకున్నారు. ఒకడు నా మెడ పట్టుకున్నాడు.

"క్యా హై యే?"

"నక్షా సాబ్. రుమాలు నక్షా. గీ చుక్కలున్న కాడ నూలు కడతం."

"గీ తోకలెందుకు?"

"అవి తీగలు సాబ్. పువ్వుకు తీగలుండయా?"

వాడు కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. పక్కవాడు, "నీ అయ్య నేసిన పువ్వు గిట్లనే ఉంటదారా, ఎండ్రకాయ లెక్క" అని నవ్వాడు. వదిలేశారు. ఊరు చేరేదాకా వెనక్కి చూసుకుంటూ నడిచాను. ఆ నడకలోనే ఒక ఆలోచన వచ్చింది. ప్రాణం మీదికి తెచ్చుకొని పాఠాలు మోసేది నేను. గది ఎవరికి? మోసినవాడికి ఏమిటి? ఆ రోజే ఇంకోటి కూడా తెలిసింది. నా నోటి నుంచి అబద్ధం తడబాటు లేకుండా వస్తుందని.

ఆ తర్వాతి ప్రయాణంలోనే టీచరమ్మ కొంచెం కష్టమైన పాట ఇచ్చింది. కుడిచేతి నాలుగో వేలికి, ఐదో వేలికి పని ఎక్కువ. తాను దగ్గర లేదు కదా, అక్క చేతిని చూసే దిక్కు లేదు కదా అని జాగ్రత్తలు చెప్పింది. నాకు లెక్క ఇష్టమని తన వేళ్ల మీదే లెక్కపెడుతూ నాలుగు మాటలు చెప్పింది. ఒకటి, కొత్తగా నడక నేర్చినంత నెమ్మదిగా చేయాలి, వేగం దానంతట అదే వస్తుంది. రెండు, ఒక్క బిగిన ఎక్కువసేపు కూర్చోవద్దు, కొంచెం చేసి లేవాలి, చేతిని ఒళ్లో పెట్టుకొని ఊరుకోవాలి. మూడు, నాలుగో వేలు పుట్టుకతోనే పక్క వేళ్లతో ముడిపడి ఉంటుంది, దాన్ని విడదీసి బలం తెప్పించాలని చూడొద్దు, చేయి బరువును దాని వైపు వంచితే చాలు. నాలుగు, నొస్తే ఆపాలి. ఈ నాలుగో మాట చెప్పేటప్పుడు నా భుజం పట్టుకుంది. "ముఖ్యంగా ఇది చెప్పు. ఆ పిల్ల ఆపే రకం కాదు."

ఆపే రకం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

దారి పొడవునా నాలుగు మాటలూ నా తలలో సరిగ్గానే ఉన్నాయి. మరిచిపోలేదు. మరిచిపోయానని నాకు నేను చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఊరి పొలిమేర దగ్గర మొదటి మాట తిరగబడింది. దారులు ఎప్పుడు తెరుచుకుంటాయో తెలియదు కదా, నెమ్మదిగా చేస్తే ఎట్లా, టీచరమ్మ దగ్గరుంటే తొందరగానే చేయమనేదేమో అనుకున్నాను. అలా మెత్తగా మొదలైంది. ఒక పోగు తప్పితే పక్క పోగు తప్పక తప్పదు. ఇంటికి చేరేసరికి నాలుగూ తిరగబడ్డాయి.

పాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఏ మీట, ఏ వేలు, ఎంతసేపు, ఒక్కటీ తప్పలేదు. తర్వాత చేయవలసిన తీరు చెప్పాను. వేగంగా చేయాలి. లేవకుండా చేయాలి. నాలుగో వేలికి బలం రావాలంటే మూడో వేలినీ ఐదో వేలినీ చిటికి దారంతో అరచేతికి బిగించి కట్టి, దాన్నొక్కదాన్నే ఆడించాలి. ఈ కట్టడం టీచరమ్మ నోట ఎన్నడూ రాలేదు. అది నాదే. కట్టిన చోట రంగు ఎక్కదు, కట్టని చోటే ఎక్కుతుంది. మా బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. అందుకే అంత సహజంగా తోచింది. అక్కకు కూడా సహజంగానే తోచింది.

ఆమె దారం తీసుకుంది. పంటితో ఒక కొస పట్టుకొని కట్టుకుంటూ ఆగింది. అప్పుడు అడిగింది.

"నొస్తే ఆపుమన్నదా తమ్మీ?"

"లే. నొచ్చినంక ఇంకింత చెయ్యుమన్నది."

"గట్లనా." కొంచెం ఆలోచించింది. "ఆసు తీరే అన్నట్టు."

"ఆ. ఆసు తీరే."

అంతే. ఇంతకుమించి మాటలు లేవు. ఆమె అడగకుండా ఉంటే, నేను మూడు మాటలతో సరిపెట్టి నాలుగోది చెప్పకుండా ఊరుకునేవాణ్ణేమో. ఊరుకోవడం వేరు, అడిగితే లేదనడం వేరు. ఆమె నాకు ఒక తలుపు తెరిచింది. నేను దాన్ని మూశాను. ఎందుకంత తొందరగా మూశాను? రెప్పపాటు కూడా ఆగలేదు. ఇన్నేళ్లూ ఆ రెప్పపాటు కోసమే వెతుకుతున్నాను, అక్కడ ఒక్క క్షణం తటపటాయించిన గుర్తు దొరుకుతుందేమోనని. దొరకదు.

రోజులు గడిచాయి. రాత్రి చాలాసేపటిదాకా చెక్క మీద వేళ్ల టకటక వినిపించేది. కొన్ని వారాలకు ముంజేయి వాచి లావెక్కింది. పెద్దమ్మ వేడి ఇసుకతో కాపడం పెట్టింది. అక్క నన్ను చూసి నవ్వి, "పని ఒంట్లెకు పోతాంది" అంది. నేను ఆమె చేయి చూశాను. కట్టు దారం పడిన చోట నల్లని గీత. అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. ఆ గీతను చూస్తూ నేను ఆలోచించింది ఏమిటో మీతో చెప్పకపోతే ఈ రాత దండగ. ఇంకా ఎన్నాళ్లు పడుతుంది అనుకున్నాను.

తర్వాత వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చిటికెనవేలు లోపలికి వంగి, పట్టుకొని లాగితే తప్ప వచ్చేది కాదు. ఉంగరంవేలు దాని వెంట పోయింది. అక్క భయపడలేదు. ఆసు నేర్చుకున్నప్పుడు భుజం కూడా ఇట్లాగే చచ్చుబడి మళ్లీ లేచిందని చెప్పేది. ఇంకా గట్టిగా చేసింది. భువనగిరిలో టీచరమ్మ అడిగేది, పిల్ల చేయి ఎట్లా ఉందని. బాగుందని చెప్పేవాణ్ణి. అక్క అడిగేది, నా చేయి సంగతి టీచరమ్మకు చెప్పినవా అని. చెప్పిన, ఫికర్ చెయ్యకు అన్నది అనేవాణ్ణి. రెండు వైపులా నేనే. వాళ్లిద్దరి మధ్య ఇంకో మనిషి లేడు.

పోలీసు యాక్షన్ వచ్చింది. కొన్ని రోజుల్లోనే దారులు తెరుచుకున్నాయి. చచ్చినవాళ్లను లెక్కపెట్టుకునేవాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు, దాక్కున్నవాళ్లు బయటికి వస్తున్నారు. మా వాడలో చేసంచి సర్దుకొని సంబరంగా బయల్దేరింది యాదమ్మక్క ఒక్కతే. ఉతికిన చీర కట్టుకుంది. కుడిచేయి కొంగు కింద పెట్టుకుంది. తోడు నేనే.

బడి పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. టీచరమ్మ అక్కను ముందు పిలిచింది. అక్క బల్ల మీద కూర్చొని కొంగు కిందినుంచి చేయి తీసింది. ఎడమచేయి మొదలుపెట్టింది. ఎంత చక్కగా మొదలుపెట్టిందో నేను చెప్పలేను, నా చెవికే ఎక్కింది ఆ రోజు. కుడిచేయి వచ్చి చేరవలసిన చోట మూడు వేళ్లే వచ్చాయి. మిగతా రెండూ అరచేతికి అంటుకొని ఉన్నాయి. మీట మీద గోటి చప్పుడు మాత్రం అయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. మూడోసారి ఎడమచేత్తో ఆ రెండు వేళ్లనూ విప్పి మీట మీద పెట్టుకుంది. వదలగానే అవి ముడుచుకున్నాయి.

టీచరమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆ రెండు వేళ్లనూ మెల్లగా విప్పి చూసింది. "ఎందుకు తల్లీ ఇంత మొండితనం" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఓడిపోయిన గొంతు.

అక్క తల వంచుకుంది. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. "నేనే ఎక్కువ చేసిన అమ్మా. తప్పు నాదే" అంది.

ఆమె ఎందుకలా అన్నదో తిరుగుదారిలో నాతో చెప్పింది. టీచరమ్మ చెప్పిన పద్ధతి తన చేతికి పడలేదట. ఆ మాట మొహం మీద చెబితే ముసలామె బాధపడుతుందట. అందుకని తన మీద వేసుకుందట. అవతల టీచరమ్మ, తాను అంత చెప్పి పంపినా ఈ పిల్ల వినలేదని నమ్మింది. ఒకరినొకరు నొప్పించకూడదని ఒకరి ముందు ఒకరు ఊరుకున్నారు. వాళ్ల మంచితనమే నన్ను కాపాడింది. ఎవరో ఒకరు కొంచెం మర్యాద తక్కువగా ఒక్క మాట అడిగి ఉంటే, నేను ఆ గదిలోనే బయటపడేవాణ్ణి.

అక్క తర్వాత నన్ను వాయించమన్నారు. వాయించాను. ఒక్క తప్పు పడలేదు.

గది నాకు వచ్చింది. టీచరమ్మ ఆ నెలలోనే వెళ్లిపోయింది, కొన్నేళ్లకు పోయిందని విన్నాను. నేను ఆ బడిలో ఏడేళ్లు వాయించాను. పిల్లలకు నేర్పాను. నెమ్మదిగా చేయండి, కొంచెం చేసి లేవండి, నొస్తే ఆపండి అని ప్రతి పిల్లకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా నోరు నాకే రోతగా ఉండేది. లోపల గడియ పెట్టుకుంటే చాలు, చెక్క మీద వేళ్ల టకటక వినిపించేది. చెదలు పట్టి పియానో మూగపోయినప్పుడు అందరూ బాధపడ్డారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు నేతవాళ్లకు నక్షాల లెక్క కట్టి బతుకుతున్నాను. చేసిన లెక్క తప్పదని నాకు పేరు.

యాదమ్మక్క చిటికి కట్టలేదు. ఆసు పోయలేదు. పెద్దబాపు ఉన్నన్నాళ్లూ ఎవరూ పైకి అనలేదు. ఆయన పోయాక వదినలు అన్నారు. "తినేటప్పుడు రెండు చేతులు లేస్తయి, పని చెప్తే ఒక్కటే లేస్తది" అన్న మాట నేను వాకిట్లో ఉండగానే విన్నాను. అక్క ఎడమచేత్తో నూలు కండెలు చుడుతుంది. మేకలను మేపుతుంది. ఇప్పటికీ నడిమి అర్రలోనే పడుకుంటుంది. నేను పోతే సంతోషపడుతుంది. తమ్ముడు నా కోసం తుపాకుల నడుమ నడిచిండు అని కోడళ్లకు చెబుతుంది. ఆ మాట వింటూ నేను ఆమె పెట్టిన జొన్న గడక తింటాను. ఇంతకన్నా నాకు వేరే శిక్ష ఎందుకు అనుకుంటాను ఒక్కోసారి. అది కూడా తప్పించుకోవడమే. తినడం శిక్ష కాదు.

ఇన్నాళ్లు రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఆ ఇంటికి పోయాను. యాదమ్మక్క అన్న మనుమరాలు బడిలో హార్మోనియం నేర్చుకుంటోంది. అరుగు మీద పెట్టె ముందు కూర్చొని, వేళ్లు విదిలించుకుంటోంది. పక్కనే కండె చుడుతున్న అక్క, "నొచ్చినా ఆపొద్దు బిడ్డా. మా టీచరమ్మ చెప్పింది. ఆమె శానా పెద్ద గురువు. నా చెయ్యే మంచిది గాదు గని, ఆమె మాట తప్పు గాదు" అంటోంది.

నా అబద్ధం ఆమె నోట, అంత గౌరవంగా. ఇంకో చేతిలోకి పోతోంది.

ఆ క్షణంలో నేను చెప్పవలసింది. అక్క కళ్లెదుటే, ఆ పిల్ల కళ్లెదుటే. నోరు తెరిచాను. అక్కా, గా దినం నేను నీకు, అన్నంతవరకు మాట లోపల తయారైంది. గడక తింటవా తమ్మీ, అని ఆమె లేచింది. తింటానన్నాను. పోయేటప్పుడు పిల్లను వీధి మలుపు దాకా పిలిచి, నెమ్మదిగా చెయ్యి, కొంచెం చేసి లెవ్వు, ఏ వేలినీ కట్టకు, నొస్తే ఆపు అని చెప్పాను. "మా అవ్వ గట్ల జెప్పలే గద తాతా. నీకెవరు జెప్పిండ్రు?" అని అడిగింది. నాకే తెలిసింది అన్నాను. మళ్లీ అబద్ధం. ఆ మాటలు ఎవరివో, ఎవరికోసం బయల్దేరాయో ఆ పిల్లకు తెలియదు. అయినా చేతులు విదిలించుకొని, సరే అంది. ఆ ఒక్క చేయి దక్కుతుందేమో.

దీన్ని అక్క చదవలేదు. ఆమెకు చదువు రాదని తెలిసే కాగితం మీద పెడుతున్నాను. మీరు నన్ను తిట్టడానికి ఇదొక్కటి చాలు. తిట్టండి. కానీ రాస్తుంటే, చాలా ఏళ్ల తర్వాత నా కుడిచేయి బల్ల మీద బరువుగా, తనంతట తానుగా పడి ఉంది. ఇది క్షమ కాదని నాకు తెలుసు. చేసినది చేసినట్టు ఒకచోట ఉందన్న నిమ్మళం మాత్రమే.

టీచరమ్మ యాదమ్మక్కకు నా చేత పంపిన మాటలు నాలుగు. అందులో నేను అందించినది ఒక్కటీ లేదు. ఈ రోజుకూ ఆమెకు ఇవ్వవలసినవి నాలుగు.